గృహవైద్యము: చేయి విఱిగిన బిడ్డకు నొప్పిమందు

వేసవి సెలవులు వచ్చినంతనే పిల్లలు మామిడిచెట్లెక్కుదురు, పిట్టగోడలు దుముకుదురు, తమకంటె పెద్దవియగు సైకిళ్లను త్రొక్క నేర్చుకొందురు. పడిన బిడ్డ తన్ను కాచుకొనుటకై చేతిని ముందునకు చాచును. దేహభారమంతయు ఆ అరచేతిమీదుగ ముంజేతికి ప్రాకును. కావుననే పిల్లలలో విఱుగు ఎముకలలో మణికట్టు దాపుననున్న ముంజేతి ఎముకలదే మొదటి స్థానము. మోచేయియు విఱుగుట కలదు.

విఱిగిన యెముకను సరిచేయుట వైద్యుని పని. దానిని గూర్చి మేము వ్రాయబోము. బిడ్డ పడిన క్షణము మొదలు ఎముక అతుకుకొనువఱకు ఆ నొప్పిని తగ్గించుటలో తల్లి చేయవలసిన పని చాల కలదు. ఏ మందు మేలు, ఏది కీడు, ఎంత ఈయవలెను, ఎప్పుడు మందు నమ్మక వైద్యునొద్దకు పరుగెత్తవలెను అను నాలుగు ప్రశ్నలకు ఈ నెల సమాధానము చెప్పదలచితిమి.

నొప్పిని ఓర్చుకొమ్మనుట ఏల తగదు?

మన యిండ్లలో ఒక అపోహ కలదు. నొప్పిమందు ముందే యిచ్చినచో దెబ్బ మఱుగుపడిపోవునట. వైద్యునికి గుట్టు చిక్కదట. ఇందువలన బిడ్డలు గంటలకొలది ఏడ్చుచు ఆసుపత్రి బల్లపై కూర్చుండుట మనము చూచుచునే యున్నాము. ఇది నిజము కాదు. విఱిగినచోట వాపు, వంకర, తాకిన బాధ ఒక మోతాదు మందుతో మాయము కావు. ఎక్స్‌రే చిత్రమును ఏ మందును మార్చజాలదు. పైపెచ్చు, నొప్పి కొంత శాంతించిన బిడ్డ చేతిని చూపుటకు ఒప్పుకొనును. వైద్యుడు వ్రేళ్లను కదిలించి, నాడిని చూచి, నిదానముగ పరీక్షింపగలుగును.

“మగపిల్లవాడవు, ఏడ్వవచ్చునా?” అని కొడుకును, “ఇంతటికేనా?” అని కూతురును గద్దించు పెద్దలు గలరు. ఏడ్పు మానినంత మాత్రమున నొప్పి మానదు. నొప్పితో పెనగులాడిన బిడ్డ మనస్సులో తెల్లకోటు, సూది, ఆసుపత్రి వాసన అన్నియు భయకారణములై నాటుకొనును. మఱియొకమారు వైద్యమవసరమైనపుడు ఆ భయమే అడ్డు వచ్చును.

నొప్పి యెంతయో తెలిసికొనుటకు బిడ్డనే అడుగవలెను. ఏడెనిమిదేండ్లు నిండినవాడు, “ఏమియు లేకున్న సున్న, ఇంతకంటె ఎక్కువ ఉండదనిన పది, ఇప్పుడెంత?” అనిన చెప్పగలడు. అంతకు చిన్నవారికై 1980ల దశకమున అమెరికాలో డోనా వాంగ్, కానీ బేకర్ అను నిరువురు మహిళలు ఆఱు ముఖముల బొమ్మలను సిద్ధపఱచిరి. నవ్వుముఖము మొదలుకొని కన్నీటిముఖము వఱకు నున్న ఆ బొమ్మలలో తన నొప్పికి తగినదానిని బిడ్డ వ్రేలితో చూపును. మాటలు రాని పసివాని విషయమున తల్లి కన్నే కొలబద్ద. చేతిని కదపకుండుట, ఆటబొమ్మను ముట్టకుండుట, నిద్రలో ఉలికిపడుట చూచుకొనవలెను. ఇవ్వబోవు మందు పనిచేసినదా లేదా అని తెలియుటకు ఈ కొలతయే ఆధారము.

మందునకు ముందు చేయవలసినది

మొదటి నొప్పిమందు సీసాలో లేదు. చేతిని కదలకుండ నిలుపుటయే మొదటి మందు. విఱిగిన యెముక కొనలు ఒకదానినొకటి రాచుకొనినపుడెల్ల నొప్పి రెట్టించును. పడిన చేయి ఏ స్థితిలో నున్నదో ఆ స్థితిలోనే, వంకరను సరిచేయ ప్రయత్నింపక, మడిచిన వార్తాపత్రికయో దళసరి అట్టయో క్రింద నుంచి, మెత్తని గుడ్డతో వదులుగ చుట్టవలెను. పిదప పాత పంచె ముక్కతో ఉయ్యెలవలె మెడకు తగిలింపవలెను.

గాజులు, మురుగులు, ఉంగరము, మణికట్టున కట్టిన తాయెత్తు దారము వెంటనే తీసివేయవలెను. గంట గడచి వాపు వచ్చిన పిదప అవి ఊడిరావు, చేతిని బిగబట్టును. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది పదునైదు నిమిషములు వాపుపై నుంచిన బాధ తగ్గును. గడ్డను నేరుగ చర్మమునకు తాకింపరాదు. నూనె పోసి తోముట, లాగి చూచుట, సున్నము పసుపు కలిపి మందముగ పట్టించుట మానవలెను. తోముటవలన విఱుగు మఱింత తొలగును. పట్టు చర్మమును పొక్కించును.

ఇంటిలోనుండు మందులు రెండు

ఈనాడు పిల్లల నొప్పికి ఇంట ఈయదగిన మందులు ముఖ్యముగ రెండే. పారసిటమాల్ ఒకటి, ఇబుప్రొఫెన్ రెండవది. పారసిటమాలును జ్వరమునకు వాడుట తల్లులందఱు ఎఱుగుదురు. అది ముఖ్యముగ మెదడునందు నొప్పి తెలియు మార్గమున పనిచేయును. వాపును అంతగా తగ్గింపదు. ఇబుప్రొఫెన్ దెబ్బ తగిలినచోటనే పనిచేయును. గాయపడిన కండ, ఎముకపొర ప్రోస్టాగ్లాండినులను పదార్థములను పుట్టించును. వాపును, సలుపును అవియే కలిగించును. ఇబుప్రొఫెన్ వాని పుట్టుకను అడ్డగించును. ఇంగ్లండునందు నాటింగ్‌హాము పట్టణమున స్టూవర్టు ఆడమ్సు అను శాస్త్రజ్ఞుడు తన తోడివారితో 1961లో కనుగొనిన మందిది. 1969 నుండి వాడుకలోనికి వచ్చినది.

ఈ రెంటిలో ఏది మేలు? వీనికంటె ఘాటైన మందులు ఇంకను మేలుకావా? ఈ ప్రశ్నను కెనడా, అమెరికా దేశముల వైద్యులు ఊహకు విడువక, పిల్లలను చీట్లు వేసినట్లు జట్లుగ విభజించి పరీక్షించిరి.

కెనడాలోని ఒట్టావా నగరపు పిల్లల ఆసుపత్రిలో జరిగిన పరీక్ష 2007లో వెలువడినది. దెబ్బ తగిలి వచ్చిన 6 నుండి 17 ఏండ్ల పిల్లలు 300 మందిలో ఒక జట్టునకు పారసిటమాలు, ఒక జట్టునకు ఇబుప్రొఫెన్, ఒక జట్టునకు నల్లమందు జాతిదగు కొడీన్ ఇచ్చిరి. నొప్పిని 100 మిల్లీమీటర్ల గీతపై కొలిచిరి. గంట గడచునప్పటికి ఇబుప్రొఫెన్ త్రాగినవారి నొప్పి 24 మిల్లీమీటర్లు దిగెను. పారసిటమాలువలన 12, కొడీన్‌వలన 11 మాత్రమే దిగెను. ఘాటైనదని పేరుగన్న మందు సామాన్యమైన మందుచేత ఓడిపోయినది.

విఱిగిన చేయితో ఇంటికి పంపబడిన పిల్లలపై అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున జరిగిన పరీక్ష 2009లో వెలువడినది. పారసిటమాలుతో కొడీన్ కలిపి యిచ్చినదానికంటె ఒంటరి ఇబుప్రొఫెన్ ఏమాత్రము తీసిపోలేదు. వాంతి, మగత మున్నగు బాధలు ఇబుప్రొఫెన్ జట్టులో తక్కువ. ఆ పిల్లలు బాగుగ తినిరి, ఆడుకొనిరి. 2014లో కెనడాలోని లండన్ నగరపు వైద్యులు ఇంటికి వెళ్లు 134 మంది పిల్లలకు నోటి మార్ఫీన్‌ను ఇబుప్రొఫెన్‌తో పోల్చిరి. నొప్పి తగ్గుటలో భేదము కనబడలేదు. ఇతర బాధలు మార్ఫీన్‌తో ఎక్కువైనవి.

కావున మేము చెప్పదలచిన ముఖ్యవాక్యమిది. విఱిగిన చేతికి ఇంట మొదట ఈయదగినది బరువునకు తగిన మోతాదులో ఇబుప్రొఫెన్. అది పడని బిడ్డకు పారసిటమాలు. ఇబుప్రొఫెన్ ఎముక అతుకుటను ఆలస్యము చేయునేమో యని కొందఱు జంకుదురు. పిల్లలలో కొలది దినముల వాడుకవలన అట్టి హాని పరీక్షలలో కనబడలేదు.

అయినను ఇబుప్రొఫెన్ సర్వరోగనివారిణి కాదు. ఒట్టావా పరీక్షలో ఆ మందు త్రాగినవారిలో సుమారు సగముమందికే చాలినంత ఊఱట దొరకెను. తక్కినవారికి ఆసుపత్రిలో ఇంకేదైన తోడు కావలసియుండెను.

మోతాదు: వయస్సు కాదు, బరువు

మందు మంచిదే యైనను కొలత తప్పిన విషమగును. తక్కువైన నీళ్లతో సమానమగును. తల్లులు సామాన్యముగ చేయు పొరపాటు రెండవది. భయపడి సగము గరిటె పోసి, “మందు పనిచేయలేద”ని వాపోవుదురు.

ఇబుప్రొఫెన్ కిలో బరువునకు 10 మిల్లీగ్రాములవఱకు, ఎనిమిదేసి గంటల కొకమారు, దినమునకు మూడుమార్లు ఈయవచ్చును. పారసిటమాలు కిలోకు 10 మొదలు 15 మిల్లీగ్రాములు, ఆఱేసి గంటల కొకమారు, దినమునకు నాలుగుమార్లకు మించరాదు. 20 కిలోల బిడ్డను తీసికొందము. ఇబుప్రొఫెన్ 200 మిల్లీగ్రాములు కావలెను. 5 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములుండు సీసాయైన 10 మిల్లీలీటర్లు పోయవలెను. పారసిటమాలు 300 మిల్లీగ్రాములు కావలెను. ఇక్కడనే చిక్కు. మన అంగళ్లలో పారసిటమాలు పానకము 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుగను, 250 మిల్లీగ్రాములుగను రెండు విధముల దొరకును. మొదటిదైన 12.5 మిల్లీలీటర్లు, రెండవదైన 6 మిల్లీలీటర్లు. పసికందులకై అమ్ము చుక్కల మందు ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు కలది. మూడింటిని ఒకే గరిటెతో కొలిచిన తల్లి బిడ్డకేమి యిచ్చినదో తానెఱుగదు. సీసాపై అంకెను చదువుట, సీసాతో వచ్చిన కొలతమూతనో సూదిలేని సిరంజినో వాడుట తప్పనిసరి. వంటింటి చెంచాలు రెండు ఒక్క కొలతవి కావు.

ఇంకొక మోసము కలదు. ఇబుప్రొఫెన్, పారసిటమాలు రెండును కలిపిన పానకములు అంగళ్లలో ఉన్నవి. దానిని పోసి, జ్వరము కూడ తగిలినదని వేఱుగ పారసిటమాలు పోసిన మోతాదు రెట్టింపగును. అధిక పారసిటమాలు కాలేయమును చెఱుచును. మొదటి దినమున ఏ చిహ్నమును చూపకపోవచ్చును. మెఫెనమిక్ ఆసిడ్ అను మఱియొక పానకము ఇబుప్రొఫెన్‌కు జ్ఞాతి. ఆ రెంటిని కలిపి ఈయరాదు. ఒక్క మందుతో చాలకున్న వైద్యుని అనుమతితో ఇబుప్రొఫెన్, పారసిటమాలు రెంటిని వాని వాని వేళకు ఈయవచ్చును. అప్పుడు ఏ గంటకు ఏది యిచ్చితిమో కాగితముపై వ్రాసి గోడకు అంటింపవలెను. అమ్మమ్మ ఒకమారు, తల్లి ఒకమారు పోయుట ఉమ్మడి కుటుంబములలో వింత కాదు.

ఎవరికి కూడదు?

మూడునెలలు నిండని శిశువునకు ఇబుప్రొఫెన్ ఈయరాదు. మూత్రపిండముల వ్యాధిగలవారికిని, వాంతులు విరేచనములతో ఒడలిలో నీరు తగ్గిన బిడ్డకును, ఇట్టి మందులవలన ఉబ్బసము హెచ్చినవారికిని కూడదు. ఆటలమ్మ పోసియున్నను మానవలెను. డెంగీ జ్వరమున్నను, ఉన్నదను అనుమానమున్నను ఇబుప్రొఫెన్ రక్తస్రావమునకు దారితీయును గనుక పారసిటమాలుతోనే సరిపెట్టుకొనవలెను.

ఆస్పిరిన్ పదునాఱేండ్ల లోపువారికి వైద్యుడు చెప్పక ఈయరాదు. మెదడును కాలేయమును పాడుచేయు రై వ్యాధితో దానికి సంబంధము కలదు. 1963లో ఆస్ట్రేలియా వైద్యుడు డగ్లస్ రై వర్ణించినందున ఆ వ్యాధికి ఆ పేరు వచ్చినది. నిమెసులైడ్ అను మందును పన్నెండేండ్ల లోపు పిల్లలకు వాడరాదని భారత ప్రభుత్వము 2011లో నిషేధించినది. ఇంటిలో పెద్దలకై తెచ్చిన బిళ్లలలో అది యున్న, సగము విఱిచి బిడ్డకు ఈయబోకుడు.

కొడీన్ కథ వేఱు. అది శరీరమున మార్ఫీన్‌గా మాఱిననే పనిచేయును. ఆ మార్పు అందఱిలో ఒకేరీతిగ జరుగదు. కొందఱిలో అసలే జరుగదు. నొప్పి అట్లే యుండును. కొందఱిలో అతిత్వరగా జరుగును. బిడ్డ గాఢనిద్రలోనికి జాఱి ఊపిరి ఆగిపోవచ్చును. ఏ బిడ్డ ఏ తెగకు చెందినదో ముందుగ చూచి చెప్పుట తల్లికి సాధ్యము కాదు. అందువలననే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో పన్నెండేండ్ల లోపు పిల్లలకు నొప్పికై కొడీన్‌ను, ట్రమడాల్‌ను వాడరాదని శాసించినది.

ఆసుపత్రిలో అడుగవలసినది

ఆసుపత్రికి వెళ్లునపుడు కడుపునిండ భోజనము పెట్టరాదు. ఎముకను సరిచేయుటకు మత్తు ఈయవలసిరావచ్చును. నిండుకడుపున మత్తు ప్రమాదము. కాని నాలుగు గుక్కల నీటితో ఇచ్చిన ఒక మోతాదు మందు అడ్డుకాదు. ఏ మందు, ఎంత, ఎప్పుడు ఇచ్చితిరో, చివరి ఆహారమెప్పుడో వైద్యునికి చెప్పవలెను.

బాధ తీవ్రముగ నున్నపుడు ఆసుపత్రి చేతిలో బలమైన సాధనములున్నవి. రక్తనాళమున ఎక్కించు మార్ఫీన్ పాతది. సూదికి జడియు పిల్లలకు ఫెంటనిల్‌ను ముక్కులో తుంపరగా కొట్టు పద్ధతి వచ్చినది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున 7 నుండి 15 ఏండ్లవారు 67 మందిపై జరిగి 2007లో వెలువడిన పరీక్షలో అది సూదిమార్ఫీన్‌తో సమానమని తేలినది. అమెరికాలోని సిన్సినాటిలో 90 మంది పిల్లలపై జరిగి 2019లో వెలువడిన పరీక్షలో ముక్కున కొట్టు కెటమిన్ కూడ ఫెంటనిల్‌కు తీసిపోలేదు. తల తిరుగుట మున్నగు చిన్న బాధలు మాత్రము ఎక్కువైనవి. నైట్రస్ ఆక్సైడును ప్రాణవాయువుతో కలిపి ముసుగుద్వారా పీల్పించుట మఱియొక మార్గము. విఱిగినచోటనే తిమ్మిరిమందు ఎక్కించుటయు కలదు. ఇవన్నియు బిడ్డ ఊపిరిని కనిపెట్టియుండు సిబ్బంది సమక్షముననే చెల్లును. ఇంటికి తెచ్చుకొనదగినవి కావు.

ఇవన్నియు ప్రతి ఊరి ఆసుపత్రిలో నుండకపోవచ్చును. అయినను, “ఎముకను లాగుటకు ముందు మా బిడ్డ నొప్పికి ఏమి యిచ్చుచున్నారండీ?” అని తల్లి వినయముతోనే యైనను అడిగి తీఱవలెను. నలుగురు గట్టిగ పట్టుకొనగా మందు లేకయే విఱిగిన చేతిని లాగుట వైద్యమనిపించుకొనదు. ఆ వేళ తల్లి బిడ్డ ప్రక్కన నుండి, “నొప్పి ఉండదులే” అని అబద్ధమాడక, “కొంచెము నొప్పి పుట్టును, నేనిక్కడనే యుందును” అని చెప్పి, కథయో లెక్కపెట్టుటయో సాగించిన మందునకు తోడగును.

రెండు సులభమైన దెబ్బలు

పిల్లల ఎముక పచ్చికొమ్మవంటిది. కొన్నిమారులు విఱుగక ఒకప్రక్క నొక్కుకొని ఉబ్బును. మణికట్టు దగ్గఱ వచ్చు ఈ నొక్కునకు గట్టికట్టు అవసరమా యని ఇంగ్లండు మున్నగు చోట్ల 965 మంది పిల్లలపై పరీక్షించిరి. 2022లో వెలువడిన ఫలితముల ప్రకారము మెత్తని గుడ్డకట్టు వేసినవారికిని, గట్టికట్టు వేసినవారికిని మూడవనాటి నొప్పి సమానమే. ఎక్స్‌రే చూచి వైద్యుడు చిన్నకట్టుతో పంపిన, “పిండికట్టు వేయలేదే” అని చింతపడ పనిలేదు.

రెండవది ఒకటి మొదలు నాలుగేండ్ల పసివారిది. చేయిపట్టి పైకి లాగినను, చేతులు పట్టి గిరగిర త్రిప్పినను మోచేతి యెముక తన పట్టునుండి కొంచెము జాఱును. బిడ్డ చేతిని వ్రేలాడదీసి వాడుకయే మానును, వాపు ఉండదు. దీనికి మందు సీసా కాదు, వైద్యుని చేయి కావలెను. తెలిసినవాడు ముంజేతిని ఒక్కమారు త్రిప్పిన స్థానమునకు వచ్చును; కొలది నిమిషములలో బిడ్డ బొమ్మకై ఆ చేతినే చాచును. పడినందువలన వచ్చిన నొప్పియైనను, వాపున్నను ఇది కాదని తెలిసికొని, ఇంటిలో త్రిప్పి చూడరాదు.

మందునకు లొంగని నొప్పి

ఇక మేము అన్నిటికంటె గట్టిగ చెప్పవలసిన మాట. సరియైన మోతాదు ఇచ్చి, కట్టు కట్టిన పిదప నొప్పి దినదినము తగ్గవలెను. తగ్గుటకు మాఱు పెరుగుచున్నచో అది మందు కొఱత కాదు, ప్రమాదసూచన. బిగువైన కట్టు క్రింద వాపు పెరిగిన రక్తము ఆడదు. కండలు కొలది గంటలలో చచ్చిపోవును. అట్టి చేయి పిదప గ్రద్దగోళ్లవలె వంగి బిగిసిపోవును. జర్మను శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫోక్‌మన్ 1881లో ఈ వైకల్యమును వర్ణించెను. నాటినుండి నేటివఱకు దానికి మంచి మందు ముందుజాగ్రత్తయే.

కట్టు పిండిదైనను, వెదురుబద్దలు, ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొనలతో కట్టిన నాటుకట్టైనను ఈ నియమము ఒక్కటే. వ్రేళ్లు చల్లబడుట, పాలిపోవుట, నీలమగుట, తిమ్మిరెక్కుట, వ్రేలిని మెల్లగ చాచినంతనే బిడ్డ కెవ్వుమని అఱచుట, నిలుకడ లేక పొరలాడుట, మందు వేళ రాకమునుపే మఱల మఱల మందు అడుగుట కనబడినచో తెల్లవాఱువఱకు వేచియుండరాదు. ఇంకొక మోతాదు పోసి నిద్రపుచ్చరాదు. అర్ధరాత్రియైనను, కట్టినవారు నొచ్చుకొందురను మొగమాటము విడిచి ఆసుపత్రికి వెళ్లి కట్టు విప్పించి చూపవలెను. ఎముక వంకరగ అతికిన సరిచేయవచ్చును. చచ్చిన కండ మఱల బ్రదుకదు.

ఈ ప్రమాదము కొలదిమందికే వచ్చును. తక్కినవారికి మొదటి రెండు మూడు దినములు వేళతప్పక మందు, తలగడపై గుండెకంటె ఎత్తుగ నుంచిన చేయి, అప్పుడప్పుడు వ్రేళ్లను ఆడించుట ఇవి చాలును. పిదప బిడ్డయే మందును మఱచి ఆటకు లేచును.

సోదరీమణులు ఈ పుట చదివిన దినముననే ఒక పని చేయవలెనని మా కోరిక. ఇంటిలోని పిల్లలను తూచి, ఒక్కొక్కరి బరువును, ఇంటనున్న సీసా బలమును, దానినిబట్టి ఎన్ని మిల్లీలీటర్లు పోయవలెనో ఒక చీటిపై వ్రాసి మందుల పెట్టె మూతకు అంటింపుడు. ఆఱునెలల కొకమారు ఆ అంకెలను దిద్దుకొనుడు. బిడ్డ ఏడ్చుచున్నపుడు లెక్కలు తోచవు. ముందుగ వ్రాసిన చీటి ఆ వేళ మీ చేతికి ధైర్యమిచ్చును.